దయావతి కేకులో లేనిది

"ఆ పేరు తుడిచెయ్," అన్నాను.

గుమ్మంలో నిలబడే అన్నాను. గొడుగు ఇంకా మూయలేదు. దాని అంచుల నుంచి నీళ్లు కారి, అప్పుడే తుడిచిన నేల మీద పడుతున్నాయి.

కౌంటర్ వెనక నల్ల పలక మీద సుద్దతో, గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో రాసి ఉంది: దయావతీస్ క్రిస్మస్ కేక్ స్టౌట్.

దయావతి మా అమ్మ. ఫిబ్రవరిలో పోయింది.

"హలో కూడా లేదా మాస్టర్‌జీ?" అంటూ నవ్వబోయిన మనీష, నా ముఖం చూసి ఆగిపోయింది. "సర్‌ప్రైజ్ అనుకున్నా."

"తుడిచెయ్ మనీషా."

"ముందు గొడుగు మూసెయ్. లోపల వాన పడట్లేదు."

మరో రోజయితే నవ్వేవాణ్ణి. జనక్‌పురి నుంచి గురుగ్రామ్ దాకా మెట్రోలో నిలబడి, ఆమెతో చెప్పాలనుకున్న ఒకే ఒక్క వాక్యాన్ని మనసులో దిద్దుకుంటూ వచ్చాను. ఏడో తరగతికి సైన్స్ చెప్పేవాణ్ణి, వాక్యం తయారు చేయడం కష్టం కాదు. ఆ పలక చూడగానే అది ఎటో పోయింది.

మనీష ఈ పబ్బులో బీరు తయారుచేస్తుంది. గాజు గోడ వెనక ఉన్న ఆ పెద్ద స్టీలు ట్యాంకులన్నీ ఆమె చూసుకునేవే. ఇన్నాళ్లూ వేరేవాళ్ల రెసిపీలే వండింది. ఈ స్టౌట్, అంటే నల్ల బీరు, ఆమె సొంతంగా చేసిన మొదటిది. ఈ సాయంత్రం బాస్ వచ్చి రుచి చూస్తాడు. బాగుందంటే చలికాలం కోసం పెద్ద ట్యాంకులో వండుతారు, పేరు మెనూలోకి ఎక్కుతుంది. ఆ బాస్ ఇప్పుడు అండర్‌పాస్ దగ్గర వాననీళ్లలో చిక్కుకుని ఉన్నాడు.

మేమిద్దరం కలిసింది అమ్మ జ్ఞాపకార్థ కూడికలో. చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుని అందరికంటే గట్టిగా ఏడ్చిన అమ్మాయికి, ఎవరో తెలియకుండానే నా రుమాలు ఇచ్చాను. పక్కన వాళ్ల నాన్న, రిటైర్డ్ సుబేదార్ నరసింహులుగారు, తల వంచుకుని నిలబడ్డారు. అమ్మ నర్సుగా పనిచేసిన లివర్ వార్డులో ఆయన ఒకప్పుడు పేషెంటు. కోలుకున్నాక ప్రతి క్రిస్మస్‌కీ అమ్మ కేకు వాళ్లింటికి వెళ్లేదట. డిసెంబరులో అమ్మ ఎంతమందికి కేకులు పంపేదో నాకెప్పుడూ తెలియదు.

రుమాలు ఇస్త్రీ చేసి మరీ మా స్కూలు గేటు దగ్గరకు తెచ్చిచ్చింది మనీష. ఆ తర్వాత ఏదో ఒక వంకతో వస్తూనే ఉంది. ఆ వంకల కోసం నేనూ గేటు వైపు చూస్తూనే ఉన్నాను.

"ఆంటీ కేకే కదా ఇది," అందిప్పుడు. "వేరే పేరు పెడితే దొంగతనం కాదా?"

"అమ్మ పనిచేసింది లివర్ వార్డులో. సారా, విస్కీ, బీరు, వీటి మధ్య తేడా అమ్మకి తెలియదు. ఏది తాగినవాళ్లయినా వచ్చేది ఆ మంచాల మీదికే."

మనీష చేతిలోని గుడ్డను మడిచింది. విప్పింది. మళ్లీ మడిచింది.

"మరి ఆంటీ కేక్‌లో రమ్ ఉండేది కదా?"

"లేదు."

"ఉండేది యార్. డాడీయే ఇచ్చేవాడు. ప్రతి డిసెంబర్, మిలిటరీ క్యాంటీన్ కోటా బాటిల్. ఆంటీయే అడిగి తీసుకునేది, కేక్ కోసం అని. హాస్పిటల్ గేటు దగ్గర నా చేతుల్తో నేనే తెచ్చిచ్చాను."

"మా అమ్మ రమ్ము అడిగి తీసుకుందా?"

"హాఁ. అడిగి."

"అబద్ధం."

మాటలు తూచి మాట్లాడతానని నాకు పేరు. ఆ మాట తూచలేదు. మనీష ముఖంలో రంగు తగ్గడం కనిపించింది. బయట వాన గాజు గోడను తట్టి తట్టి కారుతోంది. ఇద్దరం అటే చూశాం, ఒకరినొకరు చూసుకోకుండా ఉండడానికి.

ఆమె పొట్టి కాడ ఉన్న గ్లాసు తీసి, పంపు తిప్పింది. బీరు తారులా నల్లగా దిగింది. పైన బెల్లం రంగు నురగ. గ్లాసు నా ముందు పెట్టింది.

"తాగి చెప్పు."

"నేను తాగనని నీకు తెలుసు."

"తెలుసు. అందుకే ఇన్ని రోజులూ ఒక్కసారి కూడా అడగలేదు. ఈ రోజు అడుగుతున్నా. ఒక్క గుక్క. ఇది ఆంటీ కేక్ కాదను, నేనే తుడిచేస్తా, బాస్‌తో తిట్లు తింటా. అవునంటే పేరు ఉంటుంది." గ్లాసు నా వైపు ఇంకాస్త జరిపింది. "ఆ రుచి సరిగ్గా తెలిసినవాడివి ఇంక నువ్వొక్కడివే కదా లెవీ."

ఆమె నన్ను పేరుతో పిలిచేది కోపం వచ్చినప్పుడే.

"రుచి చూసి ఉమ్మేయొచ్చా?"

"అది వైన్ వాళ్లు చేసేది. బీర్ మింగాలి. దాని చేదు గొంతు దగ్గరే తెలుస్తుంది. ఆగు, అట్లా చల్లగా తాగకు. అరచేతిలో పట్టుకో. కొంచెం వేడెక్కితే వాసన విచ్చుకుంటుంది."

రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నాను. ఆమె ఫోన్ మోగింది. బాస్. నీళ్లు తగ్గాయట, కారు కదిలిందట. "జీ సర్, సబ్ రెడీ హై," అంది, చూపు నా మీద నుంచి తిప్పకుండా.

గ్లాసు పెదవులకు ఆనించాను. మింగాను.

ముందు కాఫీ లాంటి చేదు. తర్వాత ఖర్జూరం. ఆ వెనకే యాలకుల వాసనతో మాడిన పంచదార. అమ్మ పంచదారను పొగ వచ్చే దాకా మాడ్చేది. నల్లబడినా గరిట ఆపేది కాదు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేది. ఆ ఇంకొంచెం ఈ గ్లాసులో ఉంది. నా కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

గొంతులో వేడి తాకింది. ముక్కులోకి ఇంకేదో వాసన ఎక్కింది.

ఆ వాసన నాకు తెలుసు.

"ఎట్లా ఉంది?" మనీష గుసగుసగా అడిగింది.

"మా బాత్రూమ్ వాసన."

"వాట్?"

"చివర్లో వచ్చేది. మా ఇంట్లో డిసెంబరు వచ్చిందంటే బాత్రూమ్ ఇలాగే ఉండేది."

"లెవీ, నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. ఇన్సల్ట్ చేయకు."

"చెప్పేది విను. ఇందులో ఏం వేశావ్?"

"రమ్‌లో నానబెట్టిన కిస్మిస్."

గ్లాసు కౌంటర్ మీద పెట్టాను. చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్ ముందూ అమ్మ బాత్రూమ్ తూములో ఏదో సీసా ఒంపి, నీళ్లు కొట్టేది. అదేంటమ్మా అని అడిగితే, "తూము వాసనొస్తందిరా, మందు పోత్తన్నా" అనేది. నేను నమ్మాను.

"అమ్మ కిస్మిస్ నానబెట్టింది ద్రాక్షరసంలో," అన్నాను. "చర్చిలో ప్రభుబల్ల రోజు అందరికీ పంచడానికి తనే కాచేది. మిగిలిన రసంలో నానబెట్టేది. మీ నాన్నగారి సీసా కేకులోకి వెళ్లలేదు మనీషా. తూములోకి వెళ్లింది."

మనీష స్టూలు మీద కూలబడింది.

"ఆర్మీ ఇల్లు మాది. ప్లమ్ కేక్ అంటే రమ్. డాడీ బాటిల్ అంటే రమ్. ఉందనుకుని తిన్నా, ఉన్నట్టే అనిపించింది." తలెత్తింది. "పారబోయడానికి ఎందుకు అడిగింది?"

ఆ ప్రశ్నకు జవాబు ఇద్దరికీ ఒకేసారి తట్టిందనుకుంటా. ఆమె ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, కౌంటర్ మీద ఉంచింది.

"డాడీ, దయా ఆంటీ కేక్‌లో రమ్ లేదంట. లెవి చెప్తున్నాడు. మీ బాటిల్ అంతా..."

"నాకు ఎర్క లేదనుకుంటున్నవా బిడ్డా?" నరసింహులుగారి గొంతు నింపాదిగా వచ్చింది. "సర్వీసంత తాగిన రమ్ము. కండ్లు మూసుకొని వాసన పడ్త. మొదటి ముక్కకే తెలిసింది, చుక్క లేదని."

"మరి ప్రతి ఏడాదీ ఎందుకిచ్చారంకుల్?" అన్నాను.

"సిస్టరమ్మ అడిగింది. అబద్ధమాడ రాని మనిషి, నేను తాగొద్దని ఆడింది. మొకం చూస్తేనే తెలుస్తుండె. మొదటిసారి సీసా ఆమె చేతిల పెట్టినంక, జనవరి కోటాకు క్యాంటీన్ దాంక పోయిన. లైన్ల నిలవడ బుద్ధి కాలే. తిరిగొచ్చిన. గంతే, మల్ల తాగలే. ఆ సంగతి ఎవ్వరికి చెప్పలే. నన్ను మోసం జేసిన అనుకొని ఆమె మస్తు ఖుషీగ ఉంటుండె."

మనీష లేచి, పలక దగ్గరకు వెళ్లి, దయావతి పేరును చేతి రుమాలుతో నెమ్మదిగా తుడిచింది. ఇస్త్రీ చేసి తిరిగిచ్చిందనుకున్న నా రుమాలే అది. నాకిచ్చింది కొత్తదన్నమాట.

"రమ్ కిస్మిస్ స్టౌట్," అని రాసింది. "ఎవరి కేకూ కాదిది. నా బీర్. బాస్‌కి నచ్చితే నచ్చుతుంది."

"అబద్ధం అన్నాను. తప్పు," అన్నాను.

"చాలా తప్పు."

"డిసెంబరులో కేకు చేయాలి. పంచదార మాడ్చడం చూశాను కానీ ద్రాక్షరసం కాచడం నాకు రాదు. కాచడం, వడకట్టడం నీకు వచ్చు."

"జాబ్ ఆఫర్ ఇస్తున్నావా మాస్టర్‌జీ?"

"కాదు. పెళ్లి చేసుకుందామంటున్నా."

మెట్రోలో దిద్దుకున్న వాక్యం ఇది కాదు. అది చాలా బాగుండేది. మనీష పలక వైపే తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియక నేను కౌంటర్ అంచు పట్టుకున్నాను.

"కేక్‌లో రమ్ వేయనంటేనే ఒప్పుకుంటా," అంది చివరికి, ముక్కు ఎగబీలుస్తూ.

"బిడ్డా," అంది ఫోన్. "నేనింక లైన్లనే ఉన్న."

ఇద్దరం ఉలిక్కిపడ్డాం. బయట బాస్ కారు హారన్ మోగింది. మనీష రెండు చేతులతో ముఖం తుడుచుకుంది.

"లెవి బేటా, ఒక్క మాట. మీ అమ్మ లేదు. ఈ డిసెంబర్ల సీసా ఎవరికియ్యాలె?"

ఆయన మామూలుగానే అడిగారు. కానీ సీసా తన దగ్గరే ఉండిపోతుందేమోనన్న భయం ఆ ప్రశ్న వెనక నాకు వినిపించింది.

"నాకివ్వండి అంకుల్."

"నీకెందుకు?"

"కేకు కోసం."



"నీకు కూడ రాదు బిడ్డా, అబద్ధమాడుడు," అన్నారు నరసింహులుగారు. "తెచ్చి పెడ్త. ఇద్దరు వచ్చి తీస్కపోండ్రి."