మూడో సంచిక ఎవరి దగ్గరా లేదు

వరంగల్ చౌరస్తాలో గడియారాల షాపు మీది మేడగది కిషన్ రావుది. ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు. ఆ బోర్డు చూసి మెట్లెక్కే మనిషి సగం మెట్ల దగ్గర ఆగితే భార్యాభర్తల గొడవ, ఆగకుండా వస్తే దొంగతనం అని అసిస్టెంటు రాయమల్లు ఆరేళ్లుగా ఒక లెక్క పెట్టుకున్నాడు. 1983 ఎండాకాలంలో ఒక ఉదయం వచ్చిన ఇద్దరూ సగం మెట్ల దగ్గర ఆగారు, మళ్లీ దిగారు, మళ్లీ ఎక్కారు. రాయమల్లు లెక్క అక్కడే తప్పింది.

మగమనిషి పేరు బాలకిషన్. కాశిబుగ్గలో మగ్గం నేస్తాడు, పదో తరగతి దాకా చదివాడు. వెంట ముప్పై దాటిన ఆడమనిషి, రాజక్క. భివండీ నుంచి ముందురోజే రైలు దిగింది. చేతిలో సంచి ఇంకా కింద పెట్టలేదు.

"సారూ, నా పేపర్‌ను ఎవలో మాయం చేస్తాండ్రు" అన్నాడు బాలకిషన్.

"మన వాడ కబురు పేపరే కదా? నేనూ చందాదారునే" అన్నాడు కిషన్ రావు. "మొదటి నుంచి చెప్పు."

బాలకిషన్ చెప్పాడు. వాడలో సగంమంది భివండీలో, షోలాపూర్‌లో మగ్గాల మీద ఉన్నారు. ఇక్కడ ఎవరికి బిడ్డ పుట్టిందో, ఎవరి ఇల్లు కురుస్తున్నదో వాళ్లకు తెలియదు. అందుకని ఒక పాత సైక్లోస్టైల్ మిషన్ సంపాదించి, మైనం కాగితం మీద ఇనుప కలంతో తానే రాసి, తానే తిప్పి, తొంభై నాలుగు కాపీలు పోస్టు చేస్తున్నాడు. ఒక్క కాగితం, రెండు వైపులా కబుర్లు. రెండు సంచికలు బాగానే పోయాయి. మూడోది పోశవ్వది.

పోశవ్వ రాజక్క తల్లి. నెమళ్ల జంపఖానా నేయడం వాడ మొత్తంలో ఆమెకొక్కదానికే వచ్చు. ఏ వరసలో ఏ రంగు ఎన్ని పోగులో అంతా నోటికి పట్టుకుంది, ఎవరికీ నేర్పలేదు. కూతురు తనకు నచ్చినవాణ్ణి చేసుకుని భివండీ పోతే తొమ్మిదేళ్లు ఆమె పేరు ఎత్తలేదు. మంచాన పడ్డాక మాత్రం బాలకిషన్‌ను పిలిచి, మూడు పొద్దులు కూర్చోబెట్టి, అరవై వరసల లెక్క చెప్పింది. నా బిడ్డకు పంపు, నీ పేపర్ల పంపు, నలుగురి ముందట పంపు అంది.

"సీదా మైనం కాగితం మీదనే రాసిన సారూ. వేరే కాగితం మీద రాసుకోలే. కొత్తగా మొదలుపెట్టినోణ్ణి, ఒక నకలు ఉంచుకోవాలని ఎవలు చెప్తరు? అచ్చయినంక మైనం కాగితం సిరాతోని నల్లగైతది, పారేసిన."

"నెమళ్ల జంపఖానా ఒక్కటైనా దొరకదా? పోగులు లెక్కపెట్టుకోవచ్చు."

"ఆఖరిది తొమ్మిదేండ్ల కింద అమ్ముడువాయె. కొన్నోళ్లు ఏ ఊరోళ్లో."

కిషన్ రావు రాజక్క వైపు తిరిగాడు. "నీ కాపీ ఏదమ్మా?"

"వచ్చిన దినమే రైల్ల పోయింది సారూ" అంది రాజక్క. "నాకు సదువు రాదు. మా ఇద్దరికి ఒకటే పేపర్, పక్కగదిల నిర్మల పేరు మీద వస్తది, ఆమెనే సదివి చెప్తది. అమ్మ పోయిన కబురు గట్లనే తెలిసింది. వారం దినాలకు బాలకిషనన్న కార్డు రాసిండు, ఎన్క దిక్కు మీ అమ్మ నీకు చెప్పింది చూసినవా అని. భివండీల మనోళ్ల గదులన్ని తిరిగిన. ఒక్కల తాన లేదు. షోలాపూరోళ్లను, ఈ వాడోళ్లను అన్న అడిగిండు, ఆల్ల తాన గూడ లేదట. అమ్మ నాకిచ్చింది గదొక్కటే సారూ. జర ఎట్లన్న దొరకవట్టుండ్రి."

"మనకూ వస్తుంది కదా రాయమల్లూ, మూడోది ఏది?"

"కనిపించలేదు సార్" అన్నాడు రాయమల్లు. అని, టీ చెప్పి వస్తానంటూ గబగబా మెట్లు దిగాడు. రోజూ అయితే కిటికీలోంచి ఒక కేక వేస్తే టీ వచ్చేది.

"ఎవరి మీదైనా అనుమానమా?" అన్నాడు కిషన్ రావు, అతను తిరిగి వచ్చాక.

"కైలాసం మామ" అన్నాడు బాలకిషన్ వెంటనే. "జంపఖానాల యాపారం. పదేండ్ల సంది ఆ లెక్క కోసం పోశవ్వ గడప తొక్కుతాండు. తను ఒక్కటి దాసుకొని, కడమయన్ని మాయం చేస్తే ఇగ ఆయనొక్కడే రాజు."

రాయమల్లుకు ఈ మాట ఎంతో నచ్చింది. నోట్‌బుక్కులో కైలాసం పేరు రాసి కింద రెండు గీతలు గీశాడు.

రాజక్కను వెంటబెట్టుకుని ముందుగా పోస్ట్‌మన్‌ను కలిశారు. కాశిబుగ్గ కాపీలన్నీ తన చేత్తోనే ఇచ్చానని అతను కచ్చితంగా చెప్పాడు. తరువాత అదే వాడలో చందాదారు చిలుకమ్మ ఇల్లు. గూట్లో మొదటి సంచిక ఉంది, రెండోది ఉంది. మూడోది లేదు.

"ఎలుకలు కొట్టినయి కావచ్చు సారూ" అంది చిలుకమ్మ, రాజక్క వైపు చూడకుండా.

కిషన్ రావు గోడకు వేలాడుతున్న తీగ అందుకున్నాడు. ఇరవై ఏళ్ల ఉత్తరాలు దానికి గుచ్చి ఉన్నాయి. ఒక్కొక్కటే ఓపికగా చూశాడు. పసుపు పూసిన పెళ్లి కార్డులు, బిడ్డ పుట్టిన కబుర్లు, కూలి దొరికిన కబుర్లు. ఆయన ఇలాంటి పనులు చేసేటప్పుడు రాయమల్లు ఊపిరి బిగబట్టి చూస్తాడు. ఏమీ అర్థం కాకపోయినా సరే.

"చిలుకమ్మా, ఈ ఇరవై ఏళ్లలో మీవాళ్లలో ఎవరూ పోలేదా?"

"అయ్యో, ఎందుకు పోలే సారూ? మా అత్త షోలాపూర్ల పాయె. మా మరిది పాయె."

"ఎలా తెలిసింది?"

"ఉత్తరం రాసిండ్రు."

"సరే" అని తీగ మళ్లీ మేకుకు తగిలించాడు.

ఎనుమాముల మార్కెట్‌లో మరో చందాదారు మొగిలయ్య మిరప బస్తాలు తూకం వేస్తున్నాడు. ఘాటుకు రాయమల్లు తుమ్ముతూనే ప్రశ్నలు రాసుకున్నాడు. పేపరు వచ్చింది గానీ గాలికి పోయింది అన్నాడు మొగిలయ్య.

"ఏ వైపు ముందు చదివావు?"

"మీది దిక్కే సారూ. ఎవలైనా మీది దిక్కే గదా సదివేది."

"రెండో వైపు?"

మొగిలయ్య బస్తా మూతి కట్టడంలో మునిగిపోయాడు. కట్టిన మూతినే మళ్లీ విప్పి కట్టాడు.

కైలాసం దుకాణంలో మాత్రం మాట వేడెక్కింది. "నా దాకా ఆ పేపరే రాలే" అన్నాడాయన. "ఆ లెక్క నా చేతికొస్తే నేనెందుకు దాస్త? పది మగ్గాల మీద ఎక్కిద్దును!"

బయటికి రాగానే రాయమల్లు ఆగలేకపోయాడు. "దొంగ దొరికాడు సార్! పోస్ట్‌మన్ ఇచ్చానన్నాడు, ఈయన రాలేదంటున్నాడు. పచ్చి అబద్ధం."

"అబద్ధమే" అన్నాడు కిషన్ రావు. "ఈ కేసులో అబద్ధం ఆడనివాళ్లు ఎవరున్నారో చెప్పు, రాయమల్లూ."

ఆయన తన ముఖంలోకి చూస్తూ ఆ మాట అనడం రాయమల్లుకు బాగా గుర్తుండిపోయింది.

చివరగా బాలకిషన్ ఇంటికి వెళ్లి, అతను తన కోసం దాచుకునే కాపీ ఏమైందని అడిగారు. రేకు పెట్టెలో పెట్టాడట, లేదట. కిషన్ రావు మిషన్ చూశాడు, చిరునామాల పుస్తకం చూశాడు, చివరికి ఒకే ప్రశ్న వేశాడు.

"పోశవ్వ పోయిన వార్త ఎక్కడ వేశావు?"

"మొదటి దిక్కు, అన్నిటికన్న పైన. చుట్టు నల్లగీతల డబ్బా కొట్టిన. అచ్చుకొట్టే పొద్దుగాలనే పోయింది సారూ. ఎన్క దిక్కు నిండ ఆమె లెక్కనే ఉన్నది, ఇటు మీదికి జాగ ఉండె. ఇజ్జత్‌గ ఉంటదని పైన ఏసిన."

రాయమల్లు ఎన్నో కేసుల్లో కిషన్ రావు గెలుపు ముఖం చూశాడు. ఇది అది కాదు. "రేపు పొద్దున అందరినీ పోశవ్వ ఇంట్లో కూర్చోబెట్టు" అన్నాడు ఆయన.

మర్నాడు తొమ్మిదింటికి అందరూ వచ్చారు. చిలుకమ్మ, మొగిలయ్య, కైలాసం, బాలకిషన్, అతని తల్లి శ్యామలమ్మ. పోశవ్వ మగ్గం ఇంకా గుంటలోనే ఉంది, సగం ఎక్కించిన పడుగు నూలుతో. రాజక్క దాని పక్కన నేలమీద కూర్చుంది.

"కైలాసం దొంగ కాదు" అని మొదలుపెట్టాడు కిషన్ రావు. "అసలు దొంగే లేడు. తొంభై నాలుగు కాపీలను ఒక్కడు మాయం చెయ్యలేడు. తొంభై నాలుగు మంది చెయ్యగలరు."

ఆయన చిలుకమ్మ వైపు తిరిగాడు.

"చిలుకమ్మ ఇంట్లో ఇరవై ఏళ్ల ఉత్తరాలున్నాయి. అత్త పోయిన ఉత్తరం లేదు, మరిది పోయిన ఉత్తరం లేదు. ఎందుకు లేవు? చావు కబురు ఇంట్లో ఉంచుకోరు. చదవగానే చింపి బయట పారేస్తారు. మన అమ్మలు చింపారు, మనమూ చింపుతాం. బాలకిషన్ గౌరవమని ఆ కబురు పైన వేశాడు. విప్పగానే కంటబడింది. చింపేశారు. రెండో వైపు ఏముందో ఎవరూ చూడలేదు. తరువాత రాజక్క వచ్చి అడిగితే, మీ అమ్మ కబురు చింపి మోరీలో వేశామని ఆమె మొహం మీద ఎలా చెప్తారు? ఎలుకలన్నారు, గాలన్నారు."

కైలాసం రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "పదేండ్లు తిరిగిన సారూ. పదేండ్లు! నా చేతిల ఉండె. తిప్పి చూడకపోతి" అంటూ పెద్దవాడు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నిన్నటిదాకా అతన్ని జైల్లో ఊహించుకున్న రాయమల్లుకు ఎటు చూడాలో తెలియలేదు.

"పెట్టెలది నేనే పొయ్యిల ఏసిన కొడుకా" అంది శ్యామలమ్మ. "సావు కబురు పెట్టెల పెట్టి తాళమేసినవని పక్కింటోళ్లు చెప్పిండ్రు. నీకు మంచిది కాదని..." బాలకిషన్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక మన ఆఫీసు కాపీ" అన్నాడు కిషన్ రావు మెల్లగా.

రాయమల్లు లేచి నిలబడ్డాడు. ఇన్ని కేసుల్లో ముద్దాయిలు ఇలా లేవడం చూశాడు, తాను ఇలా లేస్తానని అనుకోలేదు. "నేనే చింపాను సార్. మా ఆవిడకు నెలలు నిండాయి. ఆ చేతులతో ఇంటికి ఎలా పోవాలని, చేతులు కూడా కడుక్కున్నాను. ఒక్కటి పోతే ఏం, ఇంకా తొంభై మూడు ఉంటాయి కదా అనుకున్నాను."

"అందరూ అదే అనుకున్నారు" అన్నాడు కిషన్ రావు. "నాకు మొదటిరోజే తెలుసు. నువ్వు టీకి మెట్లు దిగినప్పుడు."

"ఎవల్ని ఏమనకుండ్రి సారూ" అంది రాజక్క. అప్పటిదాకా ఆమె తల ఎత్తలేదు. "నాది రైల్ల పోలే. నిర్మల సదువుతాంటే, పోశవ్వ కాలం చేసింది అన్నంతల ఆమె చేతిలకెంచి గుంజుకొని నేనే పీలికలు చేసిన. ఇంకింత సదువుత ఆగవే అని ఆమె మొత్తుకుంటాంది. నేను ఇనలే."

ఎవరు చేశారో, ఎలా చేశారో అంతా తేలింది. రాయమల్లు నోట్‌బుక్కు మూసేశాడు. తేలినందువల్ల ఒక్క వరసైనా తిరిగి రాలేదు. కిషన్ రావు అంతటి మనిషి కూడా చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"నీకు ఏమైనా యాదికున్నదా అన్నా?" అంది రాజక్క చివరికి.

బాలకిషన్ కళ్లు మూసుకున్నాడు. "మొదటి మాట యాదికున్నది. నా బిడ్డ రాజక్కకు. అప్పుడు నేర్పలే, ఇప్పుడు నేర్పుతాన, కూసో. గట్ల రాయమన్నది. ఎన్కనే మొదటి వరస. ఎరుపు ఏడు, నలుపు మూడు, పసుపు పదకొండు..."

రాజక్క గుంటలోకి దిగింది. తల్లి వదిలిన నూలు కండెలు వెతికి తీసింది. ఎరుపు ఏడు పోగులు లెక్కపెట్టి దాటించింది. నలుపు మూడు. పసుపు పదకొండు. కైలాసం ఏడుపు ఆపి ముందుకు వంగాడు. చిలుకమ్మ పెదవులు కదుపుతూ తానూ లెక్కపెట్టింది.

పదకొండో పోగు దగ్గర రాజక్క చెయ్యి ఆగింది. బాలకిషన్ వైపు చూసింది.

"తర్వాత?"

గుర్తుకు రాక బాలకిషన్ రాయమల్లు వైపు చూశాడు. రాయమల్లు తన చేతుల వైపు చూసుకున్నాడు.