దొర కుర్చీ మీద పెయింటు

స్టేషన్ ఘన్‌పూర్‌ల మా ఇంటికి పెయింట్లు వేయిస్తున్న రోజులవి. నా మనుమరాలికి రెండు నెలలు, ఇంకా మెడ నిలవలేదు. నా కొడుకు గోవర్ధన్ బయ్యారం అవతల కూలగొడుతున్న ఓ దొరగడి బంగ్లా నుంచి టేకు కుర్చీ కొనుక్కొచ్చిండు. ఏనుగు కూసున్నా పక్కన దాని పిల్లకు జాగ మిగుల్తది, అంత పెద్దది.

కిటికీలకు రంగేసే పనోడు ఓదెలు కాలు తగిలి డబ్బా తలకిందులైంది. ఆకుపచ్చ ఆయిల్ పెయింటు కుర్చీ నిండ పడ్డది, బర్రె మునిగేంత. టర్పెంటైన్ తెస్తనని వాడు బజారుకు పోయిండు. కోడలు స్రవంతి ఉయ్యాల మీద జర కన్నేసి ఉంచమని నాకు చెప్పి మందుల దుకాణానికి పోయింది.

వాన పట్టుకుంది. పొద్దు గూకకముందే ఇల్లంత చీకటైంది, కరెంటు పోయింది. ఆరితే రంగు పట్టుకుంటది కదా అని, కిటికీల నుంచి వచ్చే మసక వెలుతుర్ల కుర్చీ ముందర నేల మీద కూలబడ్డ. నా మోకాళ్ల చప్పుడుకు జనగామల రైలు ఆగి ఉంటది. పాత దువ్వెనతో రంగు గీకిన. గాసునూనెల, అదే కిరోసిన్‌ల, గుడ్డ ముంచి, చెక్క గీతల వెంట మెల్లగ తుడిచిన.

చేతిపిడి శుభ్రమైంది. మళ్లీ చూస్తే దాని మీద నాలుగు వేళ్ల గుర్తులు, పచ్చిగ. నావే అనుకొని తుడిచిన. మళ్లీ తేలినయి. నా చెయ్యి పక్కన పెట్టి చూసిన... ఆ వేళ్లు నా వేళ్లకు రెండింతలు. ఈ ఒక్క మాటల మాత్రం నేనేం కలపలేదు.

గాసునూనె ఘాటుల నుంచి చుట్ట వాసన లేచింది. కుర్చీ కిర్రుమంది. బరువైన మనిషి లేచినట్టు.

నేల మీద తడి అడుగు. ఆకుపచ్చది. నా ఒడి పక్కన ఇంకొకటి... వేళ్లు ఉయ్యాల దిక్కు.

లేవబోయిన. నడుము లేవలేదు. తల దానంతటదే వంగిపోయింది. పిల్లను ముట్టకు అందామని నోరు తెరిచిన.

"బాంచెన్..."

చిన్నప్పుడు మా అవ్వ దొర ముందర వంగి, నీ బానిసనని చెప్పుకుంటుంటే ఆమె నోట విన్న మాట. నేను జన్మల అననిది. వాడకట్టంత నా నోటికి జడుస్తది, ఆ నోట్లె నుంచి మళ్లీ మళ్లీ అదే వచ్చింది. ఉయ్యాల తాడు కదిలింది... ఆగింది.

కరెంటు వచ్చింది. గుమ్మంల స్రవంతి, తడిసిన కొంగుతో. ఆమె ఉయ్యాల దిక్కు చూడలేదు.

"మెడ నిలవని పిల్లను కుర్చీల కూసోబెడ్తవా అత్తమ్మా? నీ పరాచికాలకు హద్దు లేదా?"

తల కొంచెమే ఎత్తగలిగిన. పిల్ల కూసుంది. ఏ ఆసరా లేకుండ, నిటారుగ. కాలు మీద కాలేసుకొని. తల్లిని చూడలేదు. పైనుంచి నన్ను చూస్తున్నది.

స్రవంతి ఎత్తి భుజాన వేసుకుంది. పిల్ల మెడ ఎప్పటిలెక్కనే వాలిపోయింది. చూపు మాత్రం నా మీది నుంచి తీయలేదు. పిల్ల కండ్లు మూసి నిద్రపోయేదాక నేను నేల మీది నుంచి లేవలేకపోయిన.