ఏ జిగురుకి ఎంత పట్టు

మాచర్ల రైల్వే స్టేషన్లో పట్టపగలు కెమిస్ట్ సుందరరావును విషపు సూదితో పొడిచి చంపారు. ఆయన తెస్తున్న డ్రమ్ము మాయమైంది. అందులో ఉన్నది మిస్సైల్ ముక్కుకు హీట్ షీల్డ్ పలకలను అతికించే జిగురు.

హైదరాబాదులో చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. విదేశీ ముఠా అచ్చం అలాంటిదే నకిలీ డ్రమ్ము తయారు చేసింది. మనవాళ్ళు దాన్నే అసలుదనుకుని పట్టుకుపోవాలని వాళ్ళ ఎత్తు. అప్పుడు పలకలు గాలిలోనే ఊడిపోయి, మిస్సైల్ తీరంలోని పల్లెల మీద కూలుతుంది.

ఏజెంట్ ఐజాక్ నాపరాళ్ళ కాంట్రాక్టర్ వేషంలో మాచర్ల చేరాడు. ముఠా అడ్డా అక్కడి నాపరాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీ, దాని యజమాని రిక్టర్ అనే తెల్లవాడు. తోలు రంగు చూసి ఊరి పెద్దమనుషులు వాడికి వంగి వంగి దండాలు పెడుతుంటే ఐజాక్‌కు ఒళ్ళు మండింది.

మేనేజర్ సాబిరా సిల్కు చీరలో, నల్ల కళ్ళద్దాలతో ఎదురొచ్చింది. ముఠాలో డిపార్ట్‌మెంట్ పెట్టిన మనిషి ఆమె.

"ఎత్తిపోతలలో నీళ్ళున్నాయా?" అన్నాడు.

"వాన పడితే."

కోడ్ సరిపోయింది. కూలీలు అన్నాలకు వెళ్ళగానే ఆమె అతన్ని షెడ్డులోకి తీసుకెళ్ళింది. రెండు డ్రమ్ములూ ఒకే రంగు, ఒకే వాసన.

"ఎడమదే అసలుది. ఎక్కించుకుపో, ఆలస్యం చెయ్యమాక."

ఐజాక్ బ్రీఫ్‌కేసులోంచి జిగురు పట్టును కొలిచే అడ్హీషన్ టెస్టర్ తీశాడు. ఒక్కో డ్రమ్ములోని జిగురుతో ఒక్కో ఇనప బిళ్ళను నాపరాయికి అతికించి ఎండలో పెట్టాడు. జిగురు బిగుసుకున్నాక టెస్టర్ కొక్కెం తగిలించి, మర తిప్పుతూ పైకి లాగాడు. గేజి ముల్లు కదిలీ కదలకముందే ఎడమ బిళ్ళ ఊడొచ్చింది. కుడి బిళ్ళకు ముల్లు ఎగబాకుతూనే పోయింది. చివరికి ఫట్‌మని రాయే పెచ్చులేచి బిళ్ళతో వచ్చింది. రాయి విరిగింది గాని జిగురు వదల్లేదు.

"నా మాటకన్నా ఆ మిషన్ ఎక్కువైందా?" అంది సాబిరా.

"అది ఇద్దరి దగ్గర జీతం తీసుకోదు."

వెనక పిస్తోలుతో రిక్టర్ నిలబడి ఉన్నాడు. ఈ దేశంలో జిగురుకు కూడా పరీక్షలు పెడతారా అని వెటకారంగా నవ్వాడు. ఆ నవ్వు ఆగేలోపే ఐజాక్ గోడకు ఆనించిన రాళ్ళ వరుసను తన్నాడు. నాపరాళ్ళు వాడి కాళ్ళమీద కూలాయి, పేలిన గుండు పైకప్పు రేకులోకి పోయింది. పడినవాడు పడినట్టే లైటర్ వెలిగించి కుడి డ్రమ్ము మీదికి విసరబోయాడు. ఐజాక్ బూటు వాడి మణికట్టును నేలకు నొక్కింది.

"నేను మొదట్నుంచీ నీ మనిషినే గదన్నా," అంది సాబిరా. ఐజాక్ ఆమె మొహం కూడా చూడకుండా ఇద్దరికీ కలిపి బేడీలు వేశాడు.

జీపులో రిక్టర్ తన ఎంబసీకి ఫోన్ చెయ్యమని దర్జాగా ఆర్డరేశాడు.

"చేశాం," అన్నాడు ఐజాక్ అసహ్యంగా. "నీ పేరే ఎప్పుడూ వినలేదంట."