సున్నా గీసిన గేటు

పక్కింటి దర్జీ ఆవిడ ఇస్త్రీ బండి ముసలామెతో అన్నదట. ముసలామె పాలు పోసే పిల్లతో అన్నదట. ఆ పిల్ల గిన్నెలో పాలు వంచుతూ అత్తగారి చెవిన వేసింది.

"పిన్నీ, మీ గేటుకి సున్నా గీసుందంట. విజిల్ తాత ఇంటికే సున్నానా అని బండి దగ్గర ఒకటే నవ్వులంట. వస్తూ నేనూ చూశాలే, నిజమే."

"ఉంటే ఉండనీవే. సున్నా ఏమన్నా కరుస్తుందా?" అని అత్తగారు పాలు పొయ్యి మీద పెట్టింది.

వార్డు ఎన్నిక వచ్చే వారం. పార్టీవాళ్లు సుద్దముక్కలు పట్టుకుని వీధి వీధీ తిరిగి ప్రతి గేటుకీ గుర్తు పెట్టారు. నిలువు గీత మనవాళ్లు. అడ్డగీత ఎదుటివాళ్లు. సున్నా అంటే గోడమీద పిల్లి, ఎటు దూకేదీ దానికే తెలియదు. ఈ పద్ధతి కనిపెట్టింది ఆ ఇంటి మామగారే. బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఉద్యోగం వదిలింది గానీ మెడలో విజిల్ వదలలేదు. ఊరేగింపులో ఆయన ఊదితే పార్టీ జనం కదిలేది, ఊదితే ఆగేది. వార్డుకి నిలబడ్డ ప్రతిసారీ ఓడాడు. నిలువు గీత ఇళ్లకి వెళ్లి టీ తాగేవాడు. సున్నా ఇళ్ల ముందు ఆటో ఆపించి, "ఉప్పూ కారం తినని మనుషులు!" అని మైకులో తిట్టి ముందుకు పోయేవాడు.

ఈసారి పార్టీ ఆయన్ని పక్కనపెట్టి కోడలికి టికెట్టు ఇచ్చింది. కోడలిది డ్రైవింగు స్కూలు. పేటలో సగంమంది ఆమె పక్కన కూర్చునే మొదటిసారి స్టీరింగు పట్టారు. గోడకి గుద్దినవాణ్ణి కూడా పల్లెత్తు మాట అనకుండా వెనక్కి తీయించే ఓర్పు ఆమెది. సున్నా ఇళ్లవాళ్లకి అందుకే ఆమె అంటే గురి. చిక్కల్లా ఒకటే. ఆమె సున్నా ఇళ్లకి వెళ్తే మామగారి మనుషులు అలుగుతున్నారు. వాళ్లని వెంటేసుకుని వెళ్తే సున్నా ఇళ్ల తలుపులు మూసుకుంటున్నాయి. రెండు ఎద్దుల్నీ ఒక కాడికి కట్టకపోతే ఈసారి కూడా చేను బీడే.

పాలు పొంగేలోపే గుంపు వచ్చేసింది. ముందు నడిచేవాడు స్కూటర్ల మెకానిక్కు. పార్టీ జెండా లేకుండా వాణ్ణి చూసినవాళ్లు లేరు కాబట్టి పేరు కూడా జెండానే.

"పెద్దయ్యా! మీ గేటుకి సున్నా! ఇది వాళ్ల పనే. మీరు ఊఁ అనండి, వాళ్ల గేట్లు ఊడపీక్కొస్తాం!"

మామగారు కుర్చీలోంచి లేచాడు. మొహం జేవురించింది. విజిల్ నోటి దాకా వెళ్లింది.

"ఆగండి మామయ్యా," అంది కోడలు, చేతిలో కరపత్రాల కట్టతో వస్తూ. "గేట్లు పీకితే ఉన్న నాలుగు ఓట్లూ ఊడిపోతాయి."

"నువ్వు మాట్లాడకమ్మా! నిన్న ఆ మందుల షాపాయన ఇంటికి వెళ్లావంటగా? వాడు పోయినసారి నా మొహం మీదే తలుపేశాడు!"

"మైకు వాళ్ల కిటికీలో పెట్టి తిట్టారు కదా, మరి వెయ్యడా?"

"వెళితే వెళ్లింది, అక్కడ పార్టీ పేరైనా ఎత్తిందా?" అన్నాడు జెండా. "వీధి దీపమంట! మురిక్కాలవ మీద పలకంట! మేము ఇన్నేళ్లు జెండా మోసింది కాలవ మీద పలక కోసమా?"

"ఆ కాలవలో నీ స్కూటరే పడింది," అన్నాడు మూలనుంచి కొడుకు. తండ్రి అటు చూడగానే, "నాకు ఆఫీసుకి టైమైంది," అని చెప్పులు వెతుక్కున్నాడు. ఆ రోజు సెలవని ఎవరూ గుర్తు చేయలేదు.

మామగారు బల్ల చరిచాడు. "అవన్నీ తర్వాత. నా గేటుకి సున్నా గీసిన చెయ్యి ఏది? అది తేలాలి ముందు!"

"ఈ చెయ్యే," అంది కోడలు.

జెండా వంగి చూశాడు, ఆమె గోళ్లలో ఇంకా సుద్ద ఉంది.

"పద్ధతి మీదే కదా మామయ్యా. ఇంటింటికీ వెళ్లి అడగాలి, ఉన్నదున్నట్టు గీయాలి. మన ఇంట్లోనూ అడిగాను. ఒకరు 'చూద్దాంలే' అన్నారు. గీశాను."

మామగారి చూపు తిన్నగా కొడుకు మీదికి వెళ్లింది. "నేను కాదు నాన్నా!" అని వాడు దొరికిన ఒక్క చెప్పుతోనే గడప దాకా వెళ్లాడు.

"వాణ్ణెందుకు భయపెడతారు? నేనే అన్నాను," అంటూ అత్తగారు టీ గ్లాసుల పళ్లెంతో వచ్చింది. అందరికీ తలో గ్లాసు అందించింది, తీరిగ్గా. "అంతెందుకు, పోయినసారి మీరు నిలబడ్డప్పుడు నా ఓటు ఎదుటివాళ్లకే వేశాను."

జెండాకి టీ పొలమారింది.

"నువ్వా!" అన్నాడు మామగారు. మైకు అక్కర్లేని గొంతు అది. ఆ పూట పక్కవాడికి కూడా వినపడలేదు. "నా ఇంట్లో... నా పెళ్లాం..."

"ఆ ఏడు కుళాయికి నీళ్లు రాక వీధి చివరి నుంచి బిందెలు మోశాను. మీరు మైకులో దేశం గురించి చెప్పారు. వాళ్లు కుళాయి గురించి చెప్పారు. నా నడుము ఎవరికి వెయ్యమందో వాళ్లకి వేశాను."

"ఒక్క మాట నాతో అనొచ్చు కదే!"

"మీరు నన్నొక్క మాట అడగొచ్చు కదా? అమ్మలారా, అక్కలారా అని పేటంతా గొంతు చించుకున్నారు. ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నారే గానీ ఓటెయ్యమని ఏనాడైనా అడిగారా?"

"ఇంట్లోదాన్ని అడిగేదేమిటి?"

"అదే మరి. ఇంట్లోవాళ్లని అడగరు, బయటివాళ్లని తిడతారు. ఇంక మీకు ఓటేసేదెవరు? బస్సులో చెయ్యెత్తిన ప్రతివాణ్ణీ ఎక్కించుకున్నారు కదా, వాడిది ఏ పార్టీ అని అడిగారా? దిగంగానే ఏమొచ్చింది మీకు? నోరు మంచిదైతే ఊరు మంచిది."

మామగారు కూర్చుండిపోయాడు. మెడలో విజిల్ దానంతట అదే ఊగుతోంది. కోడలికి జాలేసింది, దగ్గరికి వెళ్లబోయింది. జెండా అడ్డొచ్చాడు. ఎప్పుడూ అరిచేవాడు, నేల చూస్తూ మాట్లాడాడు.

"వదినా, పెద్దమ్మ అడిగింది కాబట్టి నేనూ అడుగుతా. సున్నా ఇల్లు ఒక్కటి వదలకుండా తిరిగారు. మా ఇంటికి రాలేదేం? మా అమ్మ రోజూ ముంగిట కుర్చీ వేసుకుని చూస్తోంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనా?"

కోడలికి అప్పుడు తట్టింది. మామగారు అత్తగారిని ఎలా చూశాడో, తను వీళ్లని అలాగే చూసింది. ఎక్కడికి పోతారులే అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయింది తమ్ముడూ. పద, ముందు మీ అమ్మ దగ్గరికే."

"ఇప్పుడా? ఇల్లు ఊడ్చుండదు!"

"ఊడుస్తుంటే చీపురు అందుకుంటాలే, పద."

వాళ్లటు వెళ్లాక మామగారు లేచాడు. విజిల్ తీసి మేకుకి తగిలించి, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, మందుల షాపాయన ఇంటికి నడిచాడు. తలుపు తీసిన షాపాయన మొదట ఆయన వెనక చూశాడు, మైకు ఎక్కడుందా అని.

"మా కోడలు నిలబడింది," అన్నాడు మామగారు. ఆ పైన రావలసిన మాటలు గొంతు దాకా వచ్చాయి. గుటక వేసి లోపలికి పంపాడు. "మీకు కుదిరితే... వెయ్యండి."

"తాతగారూ, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు షాపాయన కంగారుగా. కుర్చీ వేశాడు.

వారమంతా అదే వరస. జెండా మనుషులు కాలవ మీద పలక గురించి చెప్పడం నేర్చుకున్నారు. కోడలు పార్టీ పేరు ఎత్తడం నేర్చుకుంది. ఒకసారి జెండా ఒక సున్నా ఇంట్లో ట్యూషను టీచరుతో వాదనకి దిగబోతే మామగారే కాలు తొక్కాడు.

కోడలు గెలిచింది. బొటాబొటీగానే. ఆ సాయంత్రం ముందుగదిలో జెండా పక్కన మందుల షాపాయన ఇరుక్కుని కూర్చున్నాడు. ఒకే పళ్లెంలోని బిస్కెట్ల మీద ఇద్దరి చేతులూ పడుతున్నాయి. మామగారికి పట్టపగ్గాల్లేవు.

"చూశారా నా తిరుగుడు! నోరు అదుపులో పెట్టుకుంటే మనకి తిరుగేముంది? ఈ ఊపులో వచ్చేసారి పై పదవికి నేనే నిలబడతా!" అని, అందరూ చూస్తుండగా భార్య వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఇదిగో, నలుగురిలో అడుగుతున్నా. నీ ఓటు నాకు వేస్తావా?"

అత్తగారు ఖాళీ గ్లాసులు పళ్లెంలోకి ఏరుకుంటూ ఆయన్ని ఎగాదిగా చూసింది. కొంగుతో కళ్లు కూడా ఒత్తుకుంది.

"ఇన్నాళ్లకి అడిగారు. చాలా సంతోషం. వెయ్యను."