ఉప్పు కోసం వచ్చే జింక

ఈల!

గైడ్ కాళ్ళు అక్కడికక్కడే ఆగిపోతాయి.

రెండు పొడవు, ఒకటి పొట్టి. ఆ ఈల తనదే. కానీ వేసింది తను కాదు!

పరుగు...

వెనక రిసార్ట్ లైట్లు. ఎదురుగా చీకటి పడిన అడవి. ముళ్ళు చొక్కా పట్టి లాగుతున్నాయి. లాగనీ!

"దేవుడా... చుక్క వెళ్ళకూడదు!"

చుక్క కడుపుతో ఉన్న జింక. ఈ దీవికొచ్చే టూరిస్టులందరికీ ముద్దు. ఈల వినబడితే చాలు, వచ్చి అరచేతిలో ఉప్పు నాకుతుంది. ఫొటోలే ఫొటోలు! 'జింక కనబడటం గ్యారంటీ' అని రిసార్ట్ వాళ్ళు బోర్డు కూడా పెట్టారు.

అలవాటు చేసిందెవరు? తనే. పెద్ద ఘనకార్యం! అడవి జంతువుకి మనిషంటే భయం పోగొట్టాడు.

నిన్న పొద్దున వాగు పక్కన ఇంకో జింక తల మాత్రమే దొరికింది. మూతికి ఇంకా ఉప్పు అంటుకునే ఉంది. అప్పటినుంచి అతనికి ముద్ద దిగలేదు.

ఆ ఈల తను కాక ఇంకొక్కడికే వచ్చు. వాడు కాకూడదు... వాడు కాకూడదు...

మళ్ళీ ఈల! దగ్గర్లోనే!

టార్చ్ వేస్తాడు.

మడ చెట్ల మధ్య మనిషి. చేతిలో తుపాకి.

వాడే! రిసార్ట్ పడవ నడిపే బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు.

"లైట్ ఆపు బావా! బెదురుతుంది."

"రేయ్, నీకసలు బుద్ధుందా? కడుపుతో ఉందిరా అది! నీకు ఈల నేర్పింది ఇందుకా?"

"నీకు జ్వరమొస్తే టూరిస్టులు తిట్టుకోకూడదని నేర్పావు. నువ్వు పిలిస్తే ఫొటో, నేను పిలిస్తే కూర. పిలుపొకటేగా బావా!"

గైడ్ చేతిలో టార్చ్ కిందికి వాలుతుంది. నిజమే కదా...

ఆకుల చప్పుడు.

చుక్క!

"పో! పోవే!"

చేతులూపుతాడు. మట్టిబెడ్డ విసురుతాడు. అది ఒకడుగు వెనక్కేసి, మళ్ళీ అతని దగ్గరికే వస్తుంది. అరచేయి వాసన చూస్తుంది. ఉప్పు లేదు. అయినా నాకుతుంది.

పాపిష్టి చెయ్యి!

"జరుగు బావా." తుపాకి లేస్తుంది.

గైడ్ దూకుతాడు! పెనుగులాట... బురద... తుపాకి అతని చేతికొస్తుంది.

బావమరిది చేతులు జోడిస్తాడు. "బావా... అక్క మొహం చూసైనా..."

గైడ్ అతనివైపు చూడనే చూడడు. తుపాకి చుక్క వైపు తిప్పుతాడు!

"బావా! పిచ్చా నీకు?"

"క్షమించవే తల్లీ..."

ఢాం!

చుక్క కాళ్ళ ముందు బురద ఎగిసిపడుతుంది. ఒక్క గెంతు... జింక మాయం!

గైడ్ పెదాలు తడుపుకుని ఈల వేస్తాడు. రెండు పొడవు, ఒకటి పొట్టి.

ఆగి, మళ్ళీ వేస్తాడు.

ఆకు కూడా కదలదు.

"రాకు... నేను పిలిచినా రాకు..."

బురదలో కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తాడు.