మంగళ శ్రుతిలో విమానం

"ఈసారి ఆపాల్సింది మనిషిని కాదు సత్తిరాజూ, బొమ్మ విమానాన్ని," అన్నాడు చీఫ్ బాలకృష్ణన్.

ఏజెంట్ సత్తిరాజు ఆవలింత ఆపుకున్నాడు. పుదుచ్చేరి పూర్తిగా మన చేతికొచ్చిన 1962 ఆగస్టు అది. ఈ ఊళ్ళో పాదిరీ వేషమూ, చేపల బేరగాడి వేషమూ అయ్యాయి. ఇప్పుడు నెల్లితోపులో రేడియో మెకానిక్. మోకాళ్ళు అరిగిపోయాయి. భార్య భ్రమరాంబ మాత్రం ఆయన నిజంగానే రేడియోలు బాగుచేస్తాడని నమ్ముతోంది.

"రేపు బీచ్‌లో విలీనోత్సవ సభ. విదేశీ ముఠా సముద్రంలోంచి రేడియో కంట్రోల్ విమానం వదులుతుంది. లోపల బాంబు. ఏ పడవో తెలియదు."

"సభ ఆపేయండి."

"ఢిల్లీ ఒప్పుకోలేదు. నీ ట్రాన్స్‌మిటర్‌తో దాన్ని లోబరుచుకో."

చెప్పడం తేలికే. ఆ విమానం రిసీవర్‌లో సన్నటి ఇనుప రేకులుంటాయి. ఒక్కో రేకు ఒక్కో స్వరానికే అదురుతుంది. స్వరం కుదిరితే ఎవరి ట్రాన్స్‌మిటర్ మాటైనా వింటుంది, కుదరకపోతే బ్రహ్మదేవుడి మాటా వినదు.

స్వరం తెచ్చింది మంగళ. ముఠా విందుల్లో పాడే అందగత్తె, నల్ల కళ్ళద్దాలు, రెండు పక్షాల జీతం. పాత రేడియోతో షాపుకొచ్చింది.

"సిలోన్ స్టేషన్ వినపళ్ళా."

"వాన వెలిస్తే వినబడుతుంది," అని సత్తిరాజు కోడ్ పూర్తిచేశాడు.

"విమానాన్ని ఎడమకి తిప్పే స్వరం సా. యాడ విన్నావని అడగొద్దన్నా. రేపు ప్రార్థన పాట నాదే. వాళ్ళే పెట్టించినారు."

"నిన్నెందుకు?"

"నా సంగతి తెలిసిపోయిందేమో." నవ్వి, కళ్ళద్దాలు సర్దుకుంది.

సత్తిరాజు షాపులో ఉన్న హార్మోనియం మీద సా నొక్కి, ట్రాన్స్‌మిటర్ కూతను దానికి సరిచేసి టిఫిన్ క్యారియర్‌లో దాచాడు.

మర్నాడు సాయంత్రం సభ నిండింది. వద్దన్నా వినకుండా భ్రమరాంబ ముందు వరసలో కూర్చుంది. వేదిక మీద మంగళ పాట ఎత్తుకోగానే సముద్రం మీద విమానం మోత వినిపించింది.

వేదిక పక్కనే క్యారియర్‌తో నిలబడ్డ సత్తిరాజు బటన్ నొక్కాడు. తిరగలేదు. మళ్ళీ నొక్కాడు. అది తిన్నగా వేదిక మీదికే వస్తోంది. అప్పుడు మైకులోంచి మంగళ సా చెవిన పడింది. తన సా కంటే ఎంతో పైన ఉంది!

ఓరి నా బుద్ధీ! పాడేవాళ్ళకు ఎవరి శ్రుతి వాళ్ళది. తాను ఒకటో శ్రుతిలో పట్టాడు, ఆవిడ చెప్పిన సా ఐదో శ్రుతిది.

క్యారియర్ మూత ఊడదీసి స్క్రూ తిప్పసాగాడు. మంగళ అది చూసింది. పాట వదిలేసి సా దగ్గరే ఆగి, ఊపిరంతా పెట్టి లాగింది. క్యారియర్‌లోని కూత ఆ గొంతులో కలిసిపోయింది. నొక్కాడు.

విమానం ఎడమకి ఒరిగింది. పడవలోని వాడు ఇటు లాగబోయాడు గానీ, దగ్గరున్న సత్తిరాజుదే పైచేయి అయింది. విమానం అలల మీద పేలింది. బాణసంచా అనుకుని జనం చప్పట్లు కొట్టారు. మంగళ ఒక్కతే కుర్చీలో కూలబడి ఏడ్చింది.

ఇంటికి నడుస్తూ భ్రమరాంబ, "ఏవండీ, అంత పేరున్న గాయని కదా, పాట మర్చిపోయి సా పట్టుకు వేలాడిందేంటండీ?" అంది.

"నాకు బాగానే ఉందే."

"మీకేం తెల్సండీ సంగీతం!"

"వచ్చిన గొడవంతా అదే," అన్నాడు సత్తిరాజు.