మెత్తచేయి

చంద్రపీఠంలో ఉదయం సైరన్ మోగగానే నాలుగువేల మంది మూలుగుతూ లేచేవారు. బరువు ఆరోవంతుకు తగ్గితే మనిషి దూదిపింజలా తిరుగుతాడని భూమ్మీద కూర్చుని లెక్కలు వేసినవాళ్ళు చెప్పారు. చంద్రుడి మీదకు వచ్చి చూస్తే జరిగింది వేరు. మోయడానికి బరువు లేక, వంగడానికి పని లేక, ముప్పై అయిదేళ్ళ వయసుకే మెడలు తిరగడం మానేశాయి. చొక్కా తొడుక్కోవాలన్నా పక్కవాడి సాయం కావలసివచ్చేది.

దీనికంతటికీ కారణం ఫేషియా. కండరాలన్నింటినీ చుట్టి, అరికాలి నుంచి నడినెత్తి దాకా ఒకే అల్లికగా సాగే పలచని పొర అది. డాక్టర్ మందాకిని దానికి కండపొర అని పేరు పెట్టింది. కదలిక తగ్గితే అందులో తడి తగ్గి పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. నడుం దగ్గర అతుకు పడితే భుజం లేవదు. దాన్ని బలంగా నొక్కితే ఇంకా బిగుస్తుంది. ఒకే ఒత్తిడితో మెల్లగా పట్టుకుని, అదే సడలేదాకా ఆగాలి. మయోఫేషియల్ రిలీజ్ అనే ఈ మర్దనలో కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది.

అంత ఓపిక మనుషులకు ఎక్కడిది? అందుకని మందాకిని యంత్రాన్ని తయారుచేసింది. వెచ్చటి సిలికాన్ అరచేతులు రెండు, వేళ్ళ చివర్లలో పొర బిగువును కొలిచే సెన్సర్లు. ఫైళ్ళలో దాని పేరు సడలిక యంత్రం. జనం మాత్రం మెత్తచేయి అన్నారు.

నిజానికి ఆ చేతులు మందాకిని అమ్మమ్మవి. అనకాపల్లిలో బాలింతల ఇళ్ళకు వెళ్ళి పసిపిల్లలకు నీళ్ళు పోసే నూకమ్మవి. ఆమె పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, బిడ్డను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి, నువ్వులనూనె రాసి, కుడిచేతిని ఎడమకాలికి, ఎడమచేతిని కుడికాలికి తాకించి సాగదీసేది. చివరి రోజుల్లో మందాకిని ఆమె చేతులకు సెన్సర్ల తొడుగులు వేసి, పక్కింటి పాపకు నీళ్ళు పోయించి, ప్రతి కదలికనూ రికార్డు చేసింది. "సేతులకి సొక్కాలేటే పిచ్చిదానా!" అని నూకమ్మ ఒకటే నవ్వు. తొడుగులు నవ్వును పట్టుకోలేవు.

మొదటి ఏడాది చంద్రపీఠమంతా లేడిపిల్లలా గెంతింది. రెండో ఏడాది అసలు చిక్కు మొదలైంది. బాగై వెళ్ళినవాళ్ళు నలభై రోజులు తిరక్కుండానే మళ్ళీ బిగుసుకుని వస్తున్నారు. జబ్బు తిరగబెట్టడం రెండు నెలల్లో ఆగకపోతే యంత్రాలన్నీ విప్పి గనుల మరమ్మతుకు వాడుకుంటామని పాలకమండలి నోటీసు పంపింది. యంత్రం పోతే ఇంకొకటి చేసుకోవచ్చు. ఆ చేతులు మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి?

"లోపం ఎక్కడుంది?" అని ఆమె యంత్రాన్నే అడిగింది.

"నేను సడలించిన పొరలు సడలే ఉన్నాయి. కొత్త బిగింపులు వస్తున్నాయి. నలుగురిలో ముగ్గురికి ఒకే రకంగా, మెడకు కుడివైపున, ఎడమ భుజంలో," అంది యంత్రం.

ఒక్కొక్కరిదీ ఒక్కో పని. అందరికీ ఒకేచోట పట్టేయడం ఏమిటి? మందాకిని గనిలో బండి నడిపే పైడిరాజును పిలిపించింది. అతను రావడం అది ఆరోసారి.

"పైడిరాజు గారూ, నిజం చెప్పండి. మీరేం చేస్తున్నారు?"

"కోప్పడకూడదు మరి. డ్యూటీ దిగినాక మెడ కుడిపక్కకి వాల్చి, ఎడం భుజం ఎత్తి, రెండు గంటలు అలాగే కూకుంటానండి. మేమందరం అదే చేస్తన్నాం."

"ఎందుకూ?"

"కదలిక మార్కులు నూటికి నలభైకి తగ్గితేనే గదండీ మీ మిషను రానిస్తాది."

"నొప్పి పోయాక మళ్ళీ రావడం దేనికండీ?"

పైడిరాజు నేల చూపులు చూశాడు. "పనంతా అయిపోయినాక ఆ చెయ్యి గుండెల మీద కాసేపు ఉంటాది. ఏటీ చెయ్యదు. ఊరికే ఉంటాది. దానికోసమండి."

నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేశాక, బిడ్డ నిద్రపోయేదాకా గుండె మీద అరచెయ్యి ఆనించి ఉంచడం నూకమ్మకు అలవాటు. తొడుగులు దాన్ని కూడా రికార్డు చేశాయి.

"చివరి మూడు నిమిషాలు వైద్యానికి అవసరం లేదు. తీసేయమంటారా?" అంది యంత్రం.

ఆ మూడు నిమిషాలు విడిగా ఇప్పించమని మండలికి అర్జీ పెట్టవచ్చు. అర్జీలో కారణం అనే గడి ఉంటుంది. అందులో ఏమని రాయాలి? రెండు రోజులు ఆలోచించి ఏమీ తోచక, ఏడుస్తూనే తీసేయమంది.

జబ్బు తిరగబెట్టడం ఆగిపోయింది. మండలి అభినందించి, ఇంకో అరవై యంత్రాలు చేయమంది. జనం వస్తున్నారు, మెడ తిరగగానే థాంక్సు చెప్పి వెళ్ళిపోతున్నారు. మెత్తచేయి అనే మాట ఎవరి నోటా వినబడడం లేదు. అందరూ మిషను అనే అంటున్నారు.

మందాకిని ఆ భాగాన్ని చెరిపేయలేదు. ల్యాబులో ఉన్న పాత యంత్రంలో దాచింది. ఆమెకూ పసితనంలో నీళ్ళు పోసింది ఆ చేతులే. కానీ అది గుర్తుండే వయసు కాదు. ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని ఆ బల్ల మీద పడుకుంది.

"మీకు డెబ్బై ఎనిమిది మార్కులు. చికిత్స అక్కర్లేదు."

"చికిత్స వద్దు. చివరి మూడు నిమిషాలు చాలు."

"చికిత్స లేకుండా ఇవ్వాలంటే మండలి సంతకం కావాలి. నన్ను చేసినప్పుడు ఈ నియమం పెట్టింది మీరే."

ఆమె లేచి వచ్చేసింది.

నాలుగు రోజుల తర్వాత పైడిరాజు సెలవు కాగితం మీద సంతకానికి వచ్చాడు. డాక్టరమ్మ కుర్చీలో మెడ కుడిపక్కకు వాల్చి కూర్చుని ఉంది.

"మెడ నొప్పాండీ?"

"లేదు," అంది. మెడ మాత్రం నిటారుగా పెట్టలేదు.

అతను ఆ వాలిన మెడను చూశాడు. తర్వాత మెల్లగా తలుపు మూసి వచ్చాడు.

"అయితే ఆ చెయ్యి ఇంకా ఎక్కడో ఉందన్నమాట."

ఆమె కళ్ళు తుడుచుకుంది. పైడిరాజు సెలవు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"అలాగ కాదండీ డాక్టరుగారూ. మెడొక్కటీ వాలిస్తే ఏడాది పడతాది. ఎడం భుజం చెవిదాకా ఎత్తండి. ఇంకొంచెం. ఆఁ, అలాగ. నెల తిరిగేసరికి పట్టేస్తాది," అని తన మెడ కూడా వాల్చుకున్నాడు.